వారం ఆలస్యంగా వచ్చే జవాబు

ఇవాళ పొద్దున పిల్లవాణ్ణి కీటాలో, అంటే ఇక్కడి చిన్నపిల్లల బడిలో, దింపడానికి మెట్లు దిగుతుంటే, కింద వాకిలి దగ్గర బిల్డింగు చూసుకునే హౌస్‌మైస్టర్ స్క్రూడ్రైవర్‌తో నిలబడి ఉన్నాడు. కాలింగ్ బెల్లుల పలక మీద అట్టడుగు వరసలో ఉన్న పేరును ఊడదీసి కోటు జేబులో వేసుకున్నాడు. నన్ను చూసి "మోర్గెన్" అన్నాడు. నేనూ అన్నాను. మావాడు ఆ ఖాళీ జాగా మీద వేలు పెట్టి, "ఇప్పుడు నొక్కితే ఎవరు తీస్తారు?" అని జర్మన్‌లో అడిగాడు. ట్రామ్‌కు టైమవుతోందని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను.

పలక మీదే లేని పేరును నేనిక్కడ రాసి ఏం చేస్తాను. మా ఇంట్లో ఆ పేరు ఎవరం వాడిందీ లేదు. మావాడికి ఆయన "కింది ఓపా", మాకు "కింది తాత". జర్మనీ తూర్పు కొసన కాట్‌బస్ ఊళ్ళో, లిఫ్టు లేని పాత సిమెంటు బిల్డింగులో మేం పై అంతస్తు, ఆయన అట్టడుగున. పోయి నెల దాటింది. ఏడవాల్సింది అప్పుడే ఏడ్చేశాను. ఇప్పుడు మిగిలింది ఒళ్ళంతా పట్టేసిన అలసట. ఆదివారం పొద్దున తలుపు తట్టే మనిషి లేడు కదా, హాయిగా పడుకోవచ్చు అనుకుంటాను. తీరా ఆ వేళకు మెలకువ వచ్చి పొయ్యి మీద ఉప్మాకి నీళ్ళు పెట్టేస్తాను.

ఆయన్ని తలుచుకోగానే ముందు ఎడమ చెయ్యి కనబడుతుంది. ఎవరైనా మాట్లాడటం మొదలుపెడితే ఆ చెయ్యి మెల్లగా పైకి లేచేది, అరచెయ్యి బయటికి పెట్టి, బండ్లను ఆపే పోలీసులా. కళ్ళు మూసుకునేవాడు. తల కుడివైపు వంచి, చెవి వెనక పెన్సిలు కోసం తడుముకునేవాడు. చెప్పేవాళ్ళు చెప్పడం ఆపేదాకా కళ్ళు తెరవడు. తెరిచాక కూడా వెంటనే జవాబు రాదు. రొట్టెల దుకాణంలో "ఇంకేమైనా కావాలా?" అని అడిగితే, ఈయన తేల్చుకుని చెప్పేలోపు వెనకవాళ్ళు గొణుక్కోవడం నేను చెవులారా విన్నాను. జర్మన్లకు ఓపిక ఎక్కువని ఎవరన్నారో గాని, వాళ్ళు ఈయన వెనక క్యూలో నిలబడి ఉండరు.

మొదటిసారి మాట కలిసింది మెట్ల మీదే. ఆ వారం మెట్లు తుడిచే వంతు మాది. ఒక చేత్తో తుడుపుకర్ర, భుజానికీ చెవికీ మధ్య ఫోను. నేను ఇంటి నుంచే పనిచేసే డ్యూసెల్‌డార్ఫ్ ఆఫీసులో సర్వర్లు పడిపోయాయి, అందరం ఒకరి మీద ఒకరం అరుచుకుంటున్నాం. ఆ ప్రాసెస్‌ను కిల్ చెయ్యండి, టీమ్‌ను స్టాండ్‌బైలో పెట్టండి, సాయంత్రం డెడ్‌లైన్ దాటిందంటే మన పని అయిపోయినట్టే, అందరూ వార్ రూమ్‌లోకి రండి... ఇలా ఇంగ్లీషులో దంచేసి ఫోను పెట్టి చూద్దును కదా, కింది మెట్టు మీద ఆయన. చెయ్యి పైకెత్తి, కళ్ళు మూసుకుని.

కళ్ళు తెరిచి, నేనన్న ప్రతి మాటా పొల్లుపోకుండా జర్మన్‌లోకి మార్చి అప్పజెప్పాడు. ఆఖర్న చాలా మర్యాదగా, "శత్రువు ఎవరు?" అని అడిగాడు.

"శత్రువు ఎవరూ లేరండీ. బట్టలమ్మే కంపెనీ వెబ్‌సైటు," అన్నాను.

"బట్టలు," అన్నాడు. కాసేపు ఆలోచించి, తల ఊపి, లోపలికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం మా ఆయనకు చెబితే, "జర జాగ్రత్తగుండు. మన కింది అంతస్తు ముసలామె నాకు ముందే చెప్పింది. గా మనిషి చెవులు మంచియి కావంట," అన్నాడు.

"నీకు జర్మన్ల చెప్పిందా? నీకు ఏడ సమజైంది?"

"సమజయ్యేదేముంది. చెవి పట్టుకొని చూపించింది, ఏలు కిందికి పెట్టి చూపించింది. అంతే."

ఈ తూర్పు జర్మనీలో ఒక మనిషి గురించి "వినేవాడు" అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. పక్కింటివాళ్ళ మాటలు విని సర్కారుకు చేరవేసిన రోజులు ఎవరూ మర్చిపోలేదు. ఈయన మెట్ల మీద కనబడితే మాట్లాడుకుంటున్న వాళ్ళు టక్కున ఆపేసి తాళంచెవులు వెతుక్కునేవాళ్ళు. ఈయన సంజాయిషీ ఇచ్చుకునే రకం కాదు. నాతో మాత్రం ఒకసారి అన్నాడు: "నేను విన్నది పరాయి సిపాయిలను. వీళ్ళేమో తమనే విన్నాననుకుంటారు. వీళ్ళ మాటల్లో వినడానికి ఏముంది, దోసకాయల ధర తప్ప?"

సంగతేమిటంటే, ఇరవై ఏళ్ళ వయసులో ఆయన్ని తూర్పు జర్మనీ సైన్యంలోకి తీసుకున్నారు. సరిహద్దు దగ్గర ఒక కొండ మీద, కిటికీల్లేని గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. అవతలి వైపు అమెరికా సైన్యం రేడియోలో మాట్లాడుకునేది వినాలి, రాయాలి, ఆ కాగితం పై అధికారి చేతికివ్వాలి. అదీ ఉద్యోగం. ఇంగ్లీషు దానికోసమే నేర్పారు. అంకెలు, దిక్కులు, వాన, మంచు, ట్యాంకులు, డీజిలు, దాడి, వెనకడుగు. మాట్లాడటం నేర్పలేదు. ఎందుకు నేర్పుతారు, అక్కడి నుంచి మాట్లాడితే జైలే. ఆయనకొచ్చిన ఇంగ్లీషులో "గుడ్ మార్నింగ్" ఉంది, తిరిగి "గుడ్ మార్నింగ్" చెప్పడం లేదు.

"అవతల ఒకడుండేవాడు," అనేవాడు ఆయన మా వంటింట్లో కూర్చుని. మేం జర్మన్‌లోనే మాట్లాడుకునేవాళ్ళం. నా జర్మన్ కుంటిది కాబట్టి ఆయన నాకోసం చిన్నచిన్న మాటలుగా విరిచి చెప్పేవాడు. "రోజూ పొద్దున వాడి గొంతే. ఎప్పుడూ జలుబు. మైకు ఆపడం మర్చిపోయి కూనిరాగం తీసేవాడు. వాడికి కొడుకు పుట్టాడు. తోటివాళ్ళు సంతోషం చెబుతుంటే అంతా రాసుకున్నాను. పక్కన 'ప్రాముఖ్యం లేదు' అని గుర్తు పెట్టాను. అలా పెట్టాలి, అది నియమం. వాడికి నేనేమీ చెప్పలేదు. వాడు నాకు తెలుసు. నేను వాడికి తెలియను."

ఈ చివరి రెండు మాటలూ చాలాసార్లు అనేవాడు, కాఫీ కప్పు చేతుల మధ్య తిప్పుకుంటూ.

మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత రాలేదు. నా ఇంగ్లీషు మాత్రం ఏ పూలతోటలో కాసిందని? నేను పుట్టింది సికింద్రాబాద్ కంటోన్మెంట్ పక్కన. నాన్న మిలిటరీ స్టోర్సులో గుమాస్తా. మా ఇల్లు "క్వార్టర్స్"లో, నాన్న మధ్యాహ్నం తినేది "మెస్"లో, మేం ఆడుకునేది "పరేడ్ గ్రౌండ్"లో. సాయంత్రం "బ్యారక్స్"లో బూర మోగితే ఇంటికి పరిగెత్తాలి. అవన్నీ తెలుగు మాటలే అనుకునేదాన్ని, మా అమ్మమ్మ కూడా "మెస్సు" అనే అనేది మరి. నేను చదివిన బడి ఒకప్పుడు తెల్ల సిపాయిల పిల్లల కోసం కట్టింది. సిపాయిలు ఓడలెక్కి పోయారు. "అటెన్షన్", "స్టాండ్ ఎట్ ఈజ్" పోలేదు. క్లాసుకో కెప్టెన్ ఉండటం పోలేదు. తెలుగులో మాట్లాడుతూ దొరికితే మెడలో ఒక చెక్కముక్క వేలాడేసేవాళ్ళు. ఇంకొకరు తెలుగులో మాట్లాడుతుంటే మనం విని పట్టించేదాకా అది మన మెడలోనే. ఆ రోజంతా చెవులు రిక్కించి, చెట్ల చాటునా బాత్రూముల దగ్గరా తిరిగేవాళ్ళం.

ఇది చెప్పినప్పుడు తాత నడిమధ్యలోనే కళ్ళు తెరిచాడు. అలా ఎప్పుడూ తెరవడు.

"అంటే మీరూ వినే డ్యూటీ చేశారన్నమాట," అన్నాడు. "మీకు ఏలినవాడు నేర్పాడు. నాకు శత్రువు నేర్పాడు. పుస్తకం ఒకటే."

తర్వాత వాళ్ళ నాయనమ్మ సంగతి చెప్పాడు. ఈ ఊళ్ళో వీధి పేర్ల బోర్డుల మీద జర్మన్ కింద ఇంకో భాష కూడా ఉంటుంది. కొత్తలో నేను అది పోలిష్ అనుకున్నాను. ఈ చుట్టుపక్కల పల్లెల పాతభాష అది, వాళ్ళ నాయనమ్మ భాష. ఆవిడ కాలంలో పాలకులు దాన్ని బళ్ళోంచీ గుళ్ళోంచీ తరిమేశారట. ఆవిడ మాత్రం మనవడితో దాంట్లోనే మాట్లాడేది. "నాకు అంతా అర్థమయ్యేది. నేను జర్మన్‌లో బదులు చెప్పేవాణ్ణి. ఒక్కోసారి చెప్పేవాణ్ణే కాదు," అన్నాడు. అప్పుడు మావాడు పరిగెత్తుకొచ్చి నీళ్ళు కావాలని జర్మన్‌లో అడిగాడు. నేను తెలుగులో "గ్లాసు తీస్కో బిడ్డా" అన్నాను. తాత మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

ఆయనతో కూర్చుని ఆఫీసు సంగతులు మాట్లాడటం పెద్ద పరీక్ష. యుద్ధం వాసన వచ్చే మాట దొర్లినప్పుడల్లా పెన్సిలుతో బల్ల మీద చిన్నగా కొట్టేవాడు. టార్గెట్, టక్. టాస్క్ ఫోర్స్, టక్. లాంచ్, స్ట్రాటజీ, క్యాంపెయిన్, టక్ టక్ టక్. మా ఆయనకు చిర్రెత్తుకొచ్చేది. "గీ తాత ముంగట నోరు తెరవాలంటేనే భయమైతుంది. వడ్రంగి దుకాణంల కూసున్నట్టే ఉంది," అని నా వైపు తిరిగి సణిగేవాడు. ఒకసారి నేనే, ఎక్కడో చదివింది ఆయనకు చెప్పాను. డెడ్‌లైన్ అంటే మొదట ఖైదీల శిబిరంలో కంచెకు లోపల గీసిన గీత అట, అమెరికాలో వాళ్ళలో వాళ్ళు కొట్టుకున్న కాలంలో. ఆ గీత దాటిన ఖైదీని పైనుంచి కాపలావాడు కాల్చేసేవాడట. ఆయన టక్‌మనలేదు. పెన్సిలు బల్ల మీద పెట్టేశాడు.

"కాల్చినవాణ్ణి అందరూ మర్చిపోయారు. గీత మాత్రం మీ ఆఫీసుకొచ్చింది," అన్నాడు.

మా మేనేజర్ నోట ఆ మాట వచ్చినప్పుడల్లా నాకు ఎందుకు పారిపోవాలనిపిస్తుందో అప్పుడు తెలిసింది. తెలిసి చేసేదేముంది, సోమవారం మళ్ళీ అదే గీత.

ఆయన భార్య బడిపంతులమ్మ. రష్యన్ చెప్పేది. గోడ కూలి రెండు జర్మనీలూ ఒకటయ్యాక రష్యన్ ఎవరికీ అక్కర్లేకపోయింది. రాబోయే ఏడు నుంచి ఇంగ్లీషు చెప్పమన్నారు. ఆవిడకు ఒక్క ముక్క రాదు. ఎండాకాలం సెలవుల్లో మొదలుపెట్టి, పిల్లలకంటే ఒక పాఠం ముందుండేలా నెట్టుకొచ్చిందట. సాయంత్రాలు వంటింట్లో కూర్చుని పైకి చదువుకునేది. ఇంగ్లీషు ఆవిడకంటే ఎక్కువ తెలిసిన మొగుడు పక్కనే బంగాళాదుంపల తొక్క తీస్తూ వినేవాడు. ఆవిడ తప్పు పలికినా ఒక్క మాట అనేవాడు కాదు. "నోరు రాలేదు," అన్నాడు నాతో. "నియమం ఎత్తేశారని నా గొంతుకు ఎవరూ చెప్పలేదు."

వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు పనికోసం ఐర్లండ్ వెళ్ళి అక్కడి అమ్మాయినే చేసుకున్నాడు. వాళ్ళకో పాప. ఆ దేశానికి కూడా ఇంగ్లీషు ఒకప్పుడు సిపాయిల వెంటే వెళ్ళిందట. పాపకు బళ్ళో ఇప్పుడు వాళ్ళ పాత ఐరిష్ మాటలు నేర్పుతున్నారని తాత మురిసిపోయేవాడు. జర్మన్ మాత్రం ఎవరూ నేర్పలేదు. ఈయన భార్య ఉన్నన్నాళ్ళూ ఆవిడే తన బడి ఇంగ్లీషుతో మనవరాలిని ఆడించేది. ఆవిడ పోయాక ఆదివారం పొద్దున పదింటి వీడియో కాల్ ఈయన చేతికొచ్చింది.

అక్కడ మొదలైంది అసలు అవస్థ.

ఫోనును చక్కెర డబ్బాకు ఆనించి కూర్చునేవాడు. పాప మాట్లాడటం మొదలుపెట్టగానే చెయ్యి పైకి లేచేది, కళ్ళు మూతపడేవి, పెన్సిలు పరిగెత్తేది. సూపర్ మార్కెట్ వాళ్ళు పోస్టుడబ్బాలో పడేసే కాగితాల వెనక, ఎడమవైపు టైము, కుడివైపు మాట. కాల్ అయిపోయాక ఆ కాగితం పట్టుకుని మెట్లన్నీ ఎక్కి మా ఇంటికొచ్చేవాడు. మావాడు తలుపు తీసి "ఓపా ఇస్ట్ డా!", ఓపా వచ్చాడు, అని కేకేసేవాడు. ఆయన కాళ్ళు దగ్గర పెట్టి నిలబడి, కాగితం రెండు చేతులతో నాకు అందించేవాడు.

"ఏందే, మళ్ళ చిట్టీ తెచ్చిండా?" అనేవాడు మా ఆయన దుప్పట్లోంచి.

"తెచ్చిండు. లే ఇగ."

ఆ చిట్టీలో ఇలా ఉండేది: పై పన్ను ఊడింది. దిండు కింద పెట్టింది. బయట వాన. పిల్లి పారిపోయింది, తిరిగొచ్చింది. ప్రశ్న: ఓపా, నీ పన్ను ఎప్పుడు ఊడింది? ప్రశ్న రెండోసారి. ఓపా, వింటున్నావా? స్క్రీను ఆగిపోయిందా నాన్నా? ముగింపు.

"జవాబు తయారు చేయాలి," అనేవాడు.

ఉప్మా తింటూ ఇద్దరం జవాబు తయారు చేసేవాళ్ళం. ఆయన చిన్నప్పుడు రవ్వ పాలల్లో ఉడికించి చక్కెర వేసి పెట్టేవాళ్ళట. ఇందులో పచ్చిమిరపకాయ వేసిన బుర్ర ఎవరిదని ప్రతిసారీ ఆశ్చర్యపోయి, ప్రతిసారీ రెండోసారి వేయించుకునేవాడు. జవాబును వారమంతా వల్లె వేసి, తర్వాతి ఆదివారం పాప కనబడగానే చెప్పేసేవాడు: "సైకిలు మీద నుంచి పడి ఊడింది." అప్పటికి పాప పన్ను సంగతి ఏనాడో మర్చిపోయింది. పిల్లికి జబ్బు చేసిందని ఏడుస్తోంది. సైకిలు మీద నుంచి ఎవరు పడ్డారో ఆ పిల్లకెలా తెలుస్తుంది?

నేను పక్కన కూర్చుని అప్పటికప్పుడు అందిస్తానన్నాను. వద్దన్నాడు. "అప్పుడు పాప మీతో మాట్లాడుతుంది. నేను మళ్ళీ గదిలో వినేవాణ్ణే."

పోనీ ప్రాక్టీసు చేద్దామని మా వంటింట్లో నేను పాపలా నటించి ఇంగ్లీషులో అడిగేదాన్ని. ఏం తిన్నావ్, ఎలా ఉన్నావ్. చెయ్యి లేచేది. కళ్ళు మూతపడేవి. గొంతు కదిలేది, మాట బయటికొచ్చేది కాదు. చివరికి జర్మన్‌లో చక్కగా జవాబు చెప్పేవాడు. నాకు ఆఫీసు పనికే ఒళ్ళు హూనమై ఉండేది, ఆదివారం కూడా ఇదేం ఖర్మ అని విసుక్కున్న రోజులున్నాయి. విసుక్కుంటూనే అడిగేదాన్ని.

ఒక ఆదివారం చిట్టీలో రెండే వాక్యాలున్నాయి. ఆరోజు పాప కాల్‌కు కూర్చోనంది. తలుపు అవతల తండ్రితో అంటుంటే ఈయన చెవికి పడింది. పడితే రాయకుండా ఉండలేడు కదా. "ఓపాకి నేనంటే ఇష్టం లేదు. నేను మాట్లాడితే కళ్ళు మూసుకుంటాడు."

చదివి తలెత్తలేకపోయాను. చాలా బాధేసింది. ఆ కొండ మీద గది కట్టినవాళ్ళ మీద, హెడ్‌ఫోన్లు చేసినవాళ్ళ మీద, ఎవరి మీదని చెప్పను, కోపం కూడా వచ్చింది. మా ఆయన లేచొచ్చి చిట్టీ చూసి, కుర్చీ లాగి తాతకు వేశాడు. "కూసో తాతా," అని తెలుగులోనే అన్నాడు.

"మళ్ళీ అదే అయింది," అన్నాడు తాత. "ఆమె నాకు తెలుసు. నేను ఆమెకు తెలియను. నా కొడుకు ఇక కాల్స్ ఆపేద్దామంటున్నాడు, పాపను బలవంతపెట్టడం ఎందుకని. నేను పోయేలోపు ఆ పిల్ల తను అడిగినదానికి అప్పటికప్పుడు నా గొంతుతో ఒక్కసారి జవాబు వినాలి. అంతే కావాలి నాకు."

కొడుకును బతిమాలుకుని ఇంకొక్క ఆదివారం అడిగాడు. ఆరోజు నన్ను కిందికి రమ్మన్నాడు. మాట్లాడటానికి కాదు, ఊరికే మూలన కూర్చోమన్నాడు. కాలరున్న చొక్కా వేసుకున్నాడు. పాప తెర మీదికి వచ్చింది, ముఖం మాడ్చుకుని. అయితే చేతిలో పసుపుపచ్చ వాకీటాకీ ఉంది, పుట్టినరోజుకు ఎవరో ఇచ్చిన ఆటబొమ్మ. చూపించకుండా ఉండలేకపోయింది. దాని నియమాలు మహా గంభీరంగా చెప్పసాగింది. ఇక్కడ నొక్కాలి. ఒకళ్ళు చెప్పడం అయ్యాక "ఓవర్" అనాలి. అలా అంటేనే రెండోవాళ్ళ వంతు. అనకపోతే వాళ్ళు ఎంతసేపైనా ఆగాలి. తాత కళ్ళు మూసుకుని రాస్తూనే ఉన్నాడు.

"నీకు ఇది తెలుసా ఓపా? ఓవర్."

పెన్సిలు ఆగింది. ఆయన కళ్ళు తెరిచాడు. ఎత్తిన చెయ్యి ఏం చేయాలో తెలియక అలాగే గాల్లో ఉండిపోయింది. ఇంక లేదు, పాప లేచి వెళ్ళిపోతుంది అనుకున్నాను.

"యెస్," అన్నాడు తాత. ఎన్నేళ్ళుగానో తీయని గేటు తీసినట్టుంది ఆ గొంతు. "ఐ నో. ఓవర్."

పాప ఎగిరి గంతేసింది. వాళ్ళ నాన్నను కేకేసింది. ఓపా వెంటనే జవాబు చెప్పాడు, ఓపాకి వాకీటాకీ వచ్చు! తర్వాత అడిగింది, నీకెవరు నేర్పారు, ఓవర్. సిపాయిలు, ఓవర్. నీకు వాకీటాకీ ఉండేదా, ఓవర్. హెడ్‌ఫోన్లు ఉండేవి, ఓవర్. ఎవర్ని విన్నావు, ఓవర్. ఇక్కడ కాసేపు ఆగాడు. "ఒక నాన్నని విన్నాను. ఆయనకు ఎప్పుడూ జలుబు. ఓవర్." పాప పడీపడీ నవ్వింది. వ్యాకరణం ఎటుపోయిందో నాకు తెలియదు, నేను వెక్కుతూ కూర్చున్నాను.

ఫోను పెట్టేశాక ఆయన పెన్సిలు తిరిగి చెవి వెనక పెట్టుకున్నాడు. "ఆ మాట అక్కడ రోజంతా వినబడేది," అన్నాడు. "ఒక్కసారి కూడా నన్ను ఉద్దేశించింది కాదు."

ఆ తర్వాత మా ఇంటికి చిట్టీలు రావడం తగ్గలేదు, కాకపోతే జవాబు కోసం కాదు, మాకు వినిపించడానికి. మాట్లాడే వేగం పెరగలేదు. పాప అడిగింది రాసుకుని, చదువుకుని, అప్పుడు చెప్పేవాడు. పాప కాళ్ళు ఊపుకుంటూ ఆగేది. స్నేహితురాళ్ళెవరైనా పక్కనుంటే, "మా ఓపా ముందు వింటాడు, తర్వాత రాసుకుంటాడు, తర్వాత చెబుతాడు, అదే పద్ధతి" అని వాళ్ళకు నేర్పేది. రేడియోలో మాటలు పూర్తిగా ముగిస్తే "ఔట్" అంటారట, ఇక జవాబు అక్కర్లేదని. ఆ మాట మాత్రం ఆయన పాపకు చెప్పలేదు. ఇద్దరిలో ఎవరో ఒకరు "ఓవర్" అన్నాకే ఫోను పెట్టేసేవాళ్ళు, తర్వాతి ఆదివారానికి ఒకరి వంతు మిగిలేట్టు.

చివరి చలికాలంలో టీవీ కట్టేసుకుని కూర్చునేవాడు. రోజూ యుద్ధం కబుర్లే, కుర్రాళ్ళను మళ్ళీ సైన్యంలోకి పిలవాలా అని వాదనలే. "ఇప్పుడు కూడా ఎక్కడో ఎవడో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునుంటాడు. వాడికి ఏ భాష నేర్పుతున్నారో," అని నిట్టూర్చేవాడు. బాగా అలిసిపోయాడు. మెట్లెక్కడానికి మధ్యలో రెండుచోట్ల ఆగేవాడు.

పక్షవాతం వచ్చి మాట పోయింది. కుడివైపు అంతా పడిపోయింది. వినబడుతుందా అంటే డాక్టరు వినబడొచ్చు అంది. కొడుకు సోమవారం విమానానికి టికెట్టు తీసుకున్నాడు. ఆదివారం పొద్దున నేను ఆసుపత్రిలో ఆయన మంచం పక్కనున్నాను. పదింటికి నా ఫోను మోగింది. ఓపా ఇక మాట్లాడలేడని పాపకు చెప్పానని కొడుకు అన్నాడు. అయినా ఆ పిల్ల ఫోను కావాలని పట్టుబట్టిందట.

స్పీకరు పెట్టి ఆయన చెవి దగ్గర ఉంచాను. పాప చెప్పుకుంటూ పోయింది. పిల్లి బాగుంది. ఊడిన చోట కొత్త పన్ను వచ్చింది, కొంచెం వంకర. బళ్ళో ఐరిష్‌లో పాట పాడాను. రేపు నాన్న వస్తున్నాడు, నీకు బొమ్మ గీసి పంపిస్తున్నాను.

"నీకు నొప్పిగా ఉందా ఓపా? ఓవర్."

ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాయి. ఎడమ చెయ్యి దుప్పటి మీద నుంచి కొంచెం లేచింది, అరచెయ్యి బయటికి. అంతే. ఇంకేమీ లేదు. ఆ మౌనం నేను భరించలేకపోయాను. ఫోను నా వైపు తిప్పుకుని, "తల్లీ, ఓపా ఇప్పుడు జవాబు..." అని ఇంగ్లీషులో మొదలుపెట్టాను.

"నాకు తెలుసు," అంది పాప. "ఆయన ముందు వింటాడు. తర్వాత రాసుకుంటాడు. ఆలస్యమవుతుంది. ఫోను ఆయన దగ్గరే పెట్టండి, నేను ఆగుతాను. ఓవర్."

ఫోను మళ్ళీ ఆయన చెవి దగ్గర పెట్టి పట్టుకున్నాను.